కుక్క నుంచి, గొర్రె నుంచి, పంది నుంచి మనకు సోకే పురుగులు: ఏ దారిలో వస్తాయి, ఎక్కడ ఆపాలి

కుక్క కరిస్తే ఏం చేయాలో విజయవాడలోనైనా గుంటూరులోనైనా బడికి వెళ్లే పిల్లలు కూడా చెబుతారు. గాయాన్ని సబ్బుతో కడగాలి, వెంటనే వెళ్లి టీకా వేయించుకోవాలి. అదే కుక్క ఎవరినీ ఏమీ అనకుండా, ఇల్లు కట్టడానికి వీధిలో పోసిన ఇసుక కుప్ప మీద మలవిసర్జన చేసి వెళ్లిపోతే మాత్రం ఎవరికీ పట్టదు. కొన్ని వారాల తరువాత కూడా పిల్లలు అదే ఇసుకలో పిచ్చుక గూళ్లు కడుతుంటారు. పురుగుల విషయంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది.

జంతువుల నుంచి మనుషులకు సోకే పురుగులు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ గుర్తు పెట్టుకోనక్కరలేదు. ఒక్కొక్కటీ ఏ దారిలో మన ఒంట్లోకి వస్తుందో తెలిస్తే చాలు. దారి తెలియనివారు సాధారణంగా రెండింటిలో ఒకటి చేస్తారు: భయపడి పెంపుడు కుక్కను ఎవరికో ఇచ్చేస్తారు, లేదా ఏడాదికి ఒక ఆల్బెండజోల్ మాత్ర మింగి నిశ్చింతగా ఉంటారు. మొదటిది అనవసరం, రెండోది చాలదు.

మొదటి మెట్టు: మీ ఇంటికి వర్తించే దారి ఏదో చూసుకోండి

దారులు ప్రధానంగా మూడు. మొదటిది నోరు. జంతువు మలంలో, కొన్నిటి విషయంలో మనిషి మలంలో, ఉన్న పురుగు గుడ్లు మట్టి, చేతులు, ఆకుకూరల మీదుగా మన కడుపులోకి చేరతాయి. రెండోది చర్మం. తడి ఇసుకలో ఉన్న కొంకిపురుగు లార్వాలు చెప్పులు లేని పాదంలోకి దూరిపోతాయి. మూడోది మాంసం. సరిగా ఉడకని మాంసంలోని తిత్తులు మన పేగుల్లో బద్దెపురుగులుగా ఎదుగుతాయి.

ఇంట్లో కుక్కపిల్ల గానీ పాకే వయసు బిడ్డ గానీ ఉంటే మీరు ముందు చూడవలసినది నోటి దారి. గొర్రెలు, మేకలు, కాపలా కుక్కలు ఉన్న ఇల్లయితే అయిదో మెట్టుతో మొదలుపెట్టండి. శాకాహారులు ఆరో మెట్టును తప్పక చదవాలి. పంది మాంసపు పురుగు తమ జోలికి రాదని అనుకునేది ఎక్కువగా వారే.

రెండో మెట్టు: కుక్కపిల్లకు నట్టల మందు, వయసును బట్టి

వీధిలో దొరికిన పిల్లకే పురుగులుంటాయని, పెద్ద డబ్బు పెట్టి కొన్న జాతి కుక్కకు ఉండవని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. టాక్సోకారా అనే గుండ్రటి పురుగు లార్వాలు తల్లి కండరాల్లో నిద్రాణంగా ఉండి, చూలు నిలిచినప్పుడు మేలుకొని, మాయ గుండా పిల్లల ఒంట్లోకి వెళతాయి. పాల ద్వారా కూడా వెళతాయి. అంటే పిల్ల పుట్టేసరికే పురుగు దాని ఒంట్లో ఉండవచ్చు. మూడు వారాల వయసు నుంచే దాని మలంలో గుడ్లు పడటం మొదలవుతుంది. కాళ్లు సన్నగా, పొట్ట మాత్రం గుండ్రంగా ఉన్న పిల్లను చూసి బొద్దుగా ఉందని మురిసిపోతాం. డొక్కలు తేలి, బొచ్చు మెరుపు లేకుండా ఉంటే ఆ పొట్ట పాలతో నిండినది కాదు.

అందుకే మొదటి మోతాదు 2 వారాల వయసులో ఇస్తారు. తరువాత 4, 6, 8 వారాలకు, అక్కడి నుంచి 6 నెలలు వచ్చేదాకా నెలకొకసారి, ఆపైన కనీసం 3 నెలలకొకసారి. పిల్లలకు వేసినప్పుడల్లా తల్లికి కూడా వేయాలి. ఇన్నిసార్లు ఎందుకంటే, మందు పేగుల్లో ఉన్న పురుగులనే చంపుతుంది. అప్పటికి ఊపిరితిత్తులలో తిరుగుతున్న లార్వాలు దాన్ని తప్పించుకుని, కొద్ది రోజులకు పేగుల్లోకి దిగి పెద్దవవుతాయి. ఒక మోతాదు వేసి ఆపేస్తే ఆ రెండో విడతను వదిలేసినట్టే.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఆ వయసులో బరువు వారం వారం మారుతుంది కాబట్టి ప్రతిసారీ తూచండి. పిల్లను ఎత్తుకుని కాటా ఎక్కండి, తరువాత మీరొక్కరే ఎక్కండి, తేడా చూసుకోండి. మందు పేరును కూడా గమనించండి. పైరాంటెల్ గుండ్రటి పురుగుల మీద, కొంకిపురుగుల మీద పనిచేస్తుంది, బద్దెపురుగులను ఏమీ చేయదు. ప్రాజిక్వాంటెల్ బద్దెపురుగులను చంపుతుంది, గుండ్రటివాటిని వదిలేస్తుంది. చాలా మాత్రల్లో రెండూ కలిసి ఉంటాయి, కొన్నిటిలో ఉండవు. పట్టీ మీద చదివి, మీ కుక్కకు ఏది కావాలో వెటర్నరీ డాక్టరును అడగండి. ఇంట్లో మిగిలిన మనుషుల ఆల్బెండజోల్ మాత్రను మాత్రం కుక్కకు వేయకండి. అది కొన్ని కుక్కల్లో, పిల్లుల్లో ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. ఐవర్‌మెక్టిన్ కూడా డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు. కోలీ వంటి కొన్ని జాతులకు అది ప్రాణాంతకం కాగలదు.

మందు వేసిన మరునాడు, ఆ పై రోజు మలాన్ని చూడండి. లేత పసుపు తెలుపు రంగులో, రెండు కొనలూ సన్నబడిన, 10 నుంచి 18 సెంటీమీటర్ల పొడవు పురుగులు ముడుచుకుని కనిపిస్తే కంగారు పడకండి, మందు పనిచేసింది. ఏమీ కనిపించకపోయినా పనిచేయలేదని అనుకోనక్కరలేదు. పురుగులు పేగుల్లోనే జీర్ణమైపోవడం కూడా మామూలే.

కుక్క ఆసనం దగ్గర, పడుకునే గుడ్డ మీద దోసగింజల్లాంటి ముక్కలు కదులుతూ కనిపిస్తే అది వేరే కథ. అవి డిపిలీడియం అనే బద్దెపురుగు ముక్కలు, ఈ పురుగు గోమార్ల (కుక్క బొచ్చులో గెంతే చిన్న ఫ్లీల) ద్వారా వస్తుంది. కుక్కతో ఆడుకునే చంటిపిల్లలు పొరపాటున గోమారును మింగితే వారికీ సోకుతుంది. పెద్ద ప్రమాదకారి కాదు. గోమార్లను వదిలేసి పురుగుకు మాత్రమే మందు వేస్తే నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది.

మూడో మెట్టు: మలాన్ని ఏ రోజుకు ఆ రోజు ఎత్తేయండి

ఈ పనికి ఖర్చేమీ లేదు, అయినా దీనంత ఫలితమిచ్చే పని ఈ మొత్తం జాబితాలో లేదని నా నమ్మకం. కారణం టాక్సోకారా గుడ్డు స్వభావం. తాజా మలంలోని గుడ్డు ఎవరికీ సోకదు. అందులో లార్వా తయారు కావడానికి మట్టిలో సుమారు 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఈలోపు ఎత్తేస్తే గొలుసు తెగిపోతుంది. ఎత్తకుండా వదిలేస్తే మలం వానకు కరిగి కనిపించకుండా పోతుంది గానీ, జిగురు పొర కప్పుకున్న గుడ్లు ఆ మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి చూడటానికి శుభ్రంగా ఉన్న నేలనే ఎక్కువ అనుమానించాలి.

డాబా మీద కుక్కను ఉంచే ఇళ్లలో పొద్దున్నే పైపు పెట్టి అంతా కాలువలోకి కడిగేయడం చాలాచోట్ల చూస్తాం. ముందు పొడిగా ఎత్తి కవరులో కట్టి చెత్తలో వేయండి, తరువాత కడగండి. ఫినాయిలు, బ్లీచింగు పౌడరు వాసనను పోగొడతాయి గానీ ఈ గుడ్లను నమ్మకంగా చంపలేవు. సిమెంటు నేల మీద సలసల మరిగే నీళ్లు పోయడం, తరువాత మే నెల ఎండకు ఆరనివ్వడం వాటికంటే మేలు. ఆ మలాన్ని పూలకుండీల్లో, పెరటి కూరపాదుల్లో ఎరువుగా మాత్రం వేయకండి.

ఇసుక కుప్పల సంగతి మళ్లీ చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లలో ఏ వీధి చూసినా ఏదో ఒక ఇల్లు లేస్తూనే ఉంటుంది. పిల్లులు కప్పిపెట్టడానికి వీలైన చోటే వెతుక్కుంటాయి, కుక్కలు చల్లగా ఉందని అక్కడే పడుకుంటాయి. పిల్లిలోనూ టాక్సోకారా ఉంటుంది. ఇసుక తోలించినవారు రాత్రిళ్లు దానిమీద టార్పాలిన్ కప్పి అంచున ఇటుకలు పెడితే చాలు. అపార్టుమెంట్లలో పిల్లల కోసం ఇసుక గుంట కట్టినవారు దానికి మూత కూడా చేయించాలి.

ఈ లార్వాలు మనిషిలో పెద్ద పురుగులుగా ఎదగవు. దారి తప్పి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిరుగుతాయి, ఒక్కోసారి కంట్లోకి చేరతాయి. అందుకే బిడ్డ మల పరీక్షలో ఏమీ కనిపించదు. పరీక్ష బాగానే ఉందని ఊరుకోకూడదు. మట్టి తినే అలవాటున్న పిల్లలకు విడవని దగ్గు, పిల్లికూతలు, జ్వరం, కాలేయం వాపు, రక్తంలో ఎసినోఫిల్స్ అనే తెల్లకణాలు బాగా పెరగడం కనిపిస్తే, ఇంట్లో కుక్కపిల్ల ఉందన్న మాట డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి. ఒక కన్ను మెల్లకన్నుగా మారినా, కంటిపాప తెల్లగా కనిపించినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. కంటిలోని పురుగు గాయం చూడటానికి చిన్నపిల్లల కంటి క్యాన్సరులా ఉంటుంది. అది ఏదో తేల్చవలసింది నిపుణులే.

నాలుగో మెట్టు: తడి ఇసుకలో చెప్పులు

సూర్యలంకకో, మంగినపూడికో, కృష్ణ ఒడ్డు ఇసుక తిన్నెలకో వెళ్లినప్పుడు అలలు కడిగే చోటు కంటే పైన, నీడలో తడిగా ఉన్న ఇసుక అసలు చోటు. కుక్కలు తిరిగేది, కొంకిపురుగు లార్వాలు బతికేది అక్కడే. పడుకునేముందు దుప్పటి కాదు, చాప వంటి మందపాటిది పరవండి, చెప్పులు విప్పకండి.

సోకితే పాదం మీద వంకర టింకరగా ఎర్రటి గీత లేస్తుంది. రాత్రిళ్లు విపరీతమైన దురద. మరునాడు చూస్తే ఆ గీత కొన్ని మిల్లీమీటర్ల నుంచి 2 సెంటీమీటర్ల దాకా ముందుకు జరిగి ఉంటుంది. గీత చివర సూదితో గుచ్చి పురుగును తీయాలని చూడకండి, పురుగు అప్పటికే గీతను దాటి ముందుంటుంది. చర్మవ్యాధుల డాక్టరు ఇచ్చే మాత్రలతో కొద్ది రోజుల్లో తగ్గుతుంది.

అయిదో మెట్టు: కాలేయం, ఊపిరితిత్తుల ముక్కలు కుక్కకు పచ్చిగా వేయకండి

మనిషి కాలేయంలో నీటితిత్తులు పెరిగే హైడాటిడ్ వ్యాధికి కారణం మాంసం కొట్లో కళ్లముందే కనిపిస్తుంది. గొర్రె కార్జాన్ని కోసేటప్పుడు అప్పుడప్పుడూ అందులో తెల్లటి గట్టి గోడ ఉన్న నీటితిత్తి కనిపిస్తుంది. గోళీకాయంత ఉండవచ్చు, నిమ్మకాయంత ఉండవచ్చు. కోస్తే తేటనీరు చిమ్ముతుంది, లోపలి గోడకు తెల్లటి పొర, అడుగున సన్నటి ఇసుకలాంటి రేణువులు. ఆ రేణువుల్లో ఒక్కొక్కటీ ఒక బద్దెపురుగు తల. కొట్టు యజమాని ఆ ముక్కను పనికిరాదని కోసి పక్కన పారేస్తాడు. అక్కడే కాచుకున్న కుక్క దాన్ని అందుకుంటుంది. ఎకినోకాకస్ అనే పురుగు జీవితమంతా ఆ ఒక్క విసురు మీద ఆధారపడి ఉంది.

కుక్క పేగుల్లో ఆ తలలు సుమారు ఆరేడు వారాల్లో పెద్ద పురుగులవుతాయి. పెద్దవంటే కేవలం 2 నుంచి 7 మిల్లీమీటర్లు. వేల సంఖ్యలో ఉన్నా కుక్క ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దాని మలంలో పడే గుడ్లు టాక్సోకారా గుడ్ల వంటివి కావు. బయటికి వచ్చిన క్షణం నుంచే సోకగలవు, కుక్క బొచ్చుకు, మూతికి అంటుకుంటాయి. ఆ కుక్కను నిమిరి, చేతులు కడుక్కోకుండా ముద్ద కలుపుకున్న మనిషిలోకి వెళతాయి. మేసే గొర్రెలోకి గడ్డితో పాటు వెళ్లి మళ్లీ తిత్తులవుతాయి.

మనిషిలో ఈ తిత్తి ఎక్కువగా కాలేయంలో, ఆ తరువాత ఊపిరితిత్తుల్లో పెరుగుతుంది. పెరుగుదల ఎంత నిదానమంటే పదేళ్లు దాటినా తెలియకపోవచ్చు. వేరే దేనికో స్కానింగు తీస్తే బయటపడుతుంది. పగిలితే మాత్రం ఒక్కసారిగా ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, రక్తపోటు పడిపోవడం వంటి ప్రాణాపాయం రావచ్చు, లోపలి రేణువులు చిందిన ప్రతిచోటా కొత్త తిత్తులు మొలవవచ్చు. చికిత్స తిత్తి దశను బట్టి ఉంటుంది: ఆల్బెండజోల్ నెలల తరబడి, సూదితో నీరు తీసి మందు ఎక్కించి మళ్లీ తీయడం, లేదా ఆపరేషన్. మన ఆంధ్రప్రదేశ్ సర్జన్లకు ఇది కొత్త వ్యాధి కాదు.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. తిత్తి ఉన్న కార్జం తింటే మనిషికి ఈ వ్యాధి రాదు. మనకు వచ్చేది కుక్క మలంలోని గుడ్ల ద్వారానే. కాబట్టి కొట్లో తిత్తి చూసి అసహ్యించుకుని కుక్కకు వేయమనడం కన్నా పెద్ద అపకారం లేదు. ఆ ముక్కను కవరులో కట్టించి కుక్కలు చేరని చోట పారవేయించండి. కుక్కలకు పెట్టాలనుకుంటే అరగంటకు పైగా మరిగించి పెట్టండి. బోటీ, తలకాయ ఇంటికి తెచ్చి శుభ్రం చేసేవారు పారేసే ముక్కలకూ ఇదే పద్ధతి పాటించాలి.

మాంసం వ్యాపారులకు ఇందులో నష్టమేమీ లేదు. కొట్టు పక్కన మూతతో గట్టిగా మూసుకునే డ్రమ్ము ఒకటి, దాన్ని రోజూ ఖాళీ చేసే ఏర్పాటు ఒకటి కావాలి. ఆదివారం కొట్టుకు వెళ్లే మనమే ఆ మాట మర్యాదగా అడిగితే, అడిగేవారు నలుగురైతే, డ్రమ్ము వస్తుంది. పల్నాడు వైపు నుంచి జీవాలను తోలుకొచ్చే కాపరులు, పెరటి దొడ్డిలో గొర్రెలు పెంచేవారు మరో రెండు పనులు చేయాలి. చచ్చిన జీవాన్ని పొలం గట్టున వదిలేయకుండా కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చాలి. మంద వెంట తిరిగే కుక్కలకు ప్రాజిక్వాంటెల్ సుమారు ఆరు వారాలకొకసారి పడేలా డాక్టరుతో మాట్లాడుకోవాలి. కొత్త పురుగు గుడ్లు పెట్టే వయసుకు రాకముందే చావాలన్నది ఆ లెక్క. గొర్రెలకు ఏటా నట్టల నివారణ మందు తాగిస్తూ కుక్కను మరిచిపోతే పని సగమే అయినట్టు.

ఆరో మెట్టు: పంది మాంసం ఒకటి, క్యాబేజీ మరొకటి

క్యాబేజీలో పురుగు మెదడుకు ఎక్కుతుందని ఇంట్లో పెద్దలు చెప్పడం మనందరం విన్నదే. ఆకుల మధ్య పాకే ఆ పచ్చటి పురుగు ఎవరి మెదడుకూ వెళ్లదు, ఉడికితే చస్తుంది. అయినా ఆ భయం వెనుక ఒక నిజం ఉంది. మురుగునీరు పారిన మడిలో పెరిగిన ఏ ఆకుమీదైనా టీనియా సోలియం అనే బద్దెపురుగు గుడ్లు అంటి ఉండవచ్చు. అవి కంటికి కనిపించవు.

ఈ పురుగుకు రెండు దారులున్నాయి, రెండింటికీ ఫలితం వేరు. తిత్తులున్న పంది మాంసం సరిగా ఉడక్కుండా తింటే మన పేగుల్లో 2 మీటర్లు దాటే బద్దెపురుగు పెరుగుతుంది. దానితో పెద్దగా బాధ ఉండదు. కానీ ఆ మనిషి మలంలో గుడ్లు పడుతుంటాయి. మరుగుదొడ్డికి వెళ్లి చేతులు కడుక్కోకుండా వండితే, లేదా ఆ మలం పొలానికి చేరితే, ఆ గుడ్లు మింగినవారికి మెదడులో తిత్తులు రావచ్చు. ఏళ్లు గడిచాక ఒక రోజు హఠాత్తుగా ఫిట్స్. అంటే మెదడు తిత్తులు పంది మాంసం తిన్నందువల్ల నేరుగా రావు, మనిషి మలం నుంచి వస్తాయి. న్యూయార్కులో పంది మాంసం ముట్టని యూదు కుటుంబాల్లో ఈ తిత్తులు రావడం 1992లో వైద్య ప్రపంచం దృష్టికి వచ్చింది. ఆ ఇళ్లలో పనిచేసిన వారిలో ఒకరి పేగుల్లో బద్దెపురుగు ఉన్నట్టు తేలింది. ఈ పురుగు బాగా ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ రోగుల్లో 30 శాతం మందికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

కాబట్టి పనులు రెండు. పంది మాంసం తినేవారు ముక్క మధ్యలో ఎర్రదనం పోయి రసం తేటగా వచ్చేదాకా ఉడికించాలి. మన పద్ధతిలో కుక్కరులో వండితే ఇబ్బంది లేదు, పొయ్యి మీద పైపైన కాల్చిన ముక్కలే అనుమానం. మనుషుల మలం తిరిగే చోట పెరిగిన పంది కాకుండా, దాణాతో దొడ్డిలో పెంచినదాన్ని కొనండి. ఇక తినని ఇళ్లలో, వంట చేసే ప్రతి ఒక్కరూ సబ్బుతో గోళ్ల సందులు కూడా కడుక్కున్నాకే పిండి తాకాలి. వంటమనిషిని అనుమానించి అవమానించే విషయం కాదిది. ఇంట్లో సబ్బు అందరికీ అందేలా పెట్టి, ముందు మనం పాటిస్తే సరిపోతుంది.

కూరగాయలకు ఉప్పునీళ్లు, పసుపునీళ్లు, వెనిగరు చాలవు. అవి ఆకు మడతల్లోని చిన్న పురుగులను బయటికి రప్పిస్తాయి గానీ గుడ్లను చంపవు. వేడి చంపుతుంది. పచ్చిగా తినేవాటిని మాత్రం పారే నీటి కింద రుద్ది కడగాలి. క్యారెట్టు, దోసకాయ తొక్క తీయండి. అందరూ మరిచేది కొత్తిమీర. చారు దించాక పైన చల్లే ఆ కట్టకు వేళ్లతో సహా మట్టి ఉంటుంది. వేళ్లు కోసేసి, కట్ట విప్పి, రెమ్మలు విడదీసి, నీళ్లు మారుస్తూ మూడుసార్లు కడగండి. పొయ్యి మీద ఉండగానే వేసి ఒక పొంగు రానిస్తే ఇంకా మంచిది.

చేపల గురించి అడిగేవారికి చిన్నమాట. పులుసు మరిగాక, వేపుడు లోపలిదాకా వేగాక చేపల పురుగులు బతకవు. పచ్చి చేప, సగం ఉడికిన పీతలు తినకుంటే చాలు.

ఏడో మెట్టు: మాత్రల విషయంలో, డాక్టరు దగ్గర

ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో 1 నుంచి 19 ఏళ్లవారికి ఇచ్చే ఆల్బెండజోల్ తప్పకుండా వేయించండి. మనుషుల పేగుల్లోని ఏలికపాములకు, కొంకిపురుగులకు అది మంచి మందు. కానీ ఆ ఒక్క మాత్ర కాలేయంలోని తిత్తికి గానీ, కంట్లోని లార్వాకు గానీ చికిత్స కాదు.

ఫిట్స్ వచ్చినవారికి, కారణం తెలియని తలనొప్పి ఉన్నవారికి నులిపురుగుల మందు సొంతంగా వేయకండి. మెదడులో తిత్తులుంటే అవి చస్తున్నప్పుడు చుట్టూ వాపు వచ్చి పరిస్థితి విషమిస్తుంది. స్కానింగు చూసి, ఫిట్స్ ఆగే మందు, వాపు తగ్గించే మందు తోడుగా ఇస్తూ డాక్టరు నడపవలసిన చికిత్స అది. స్కానింగులో కాలేయంలో నీటితిత్తి ఉందని రాస్తే, అది హైడాటిడ్ కాదని తేలేదాకా సూదితో నీరు తీయించుకోకూడదు. గర్భిణులు తొలి మూడు నెలల్లో ఆల్బెండజోల్ వాడకూడదు.

డాక్టరు అడగకపోయినా మూడు సంగతులు చెప్పండి: ఇంట్లో ఏ జంతువులున్నాయి, వాటికి చివరిసారి నట్టల మందు ఎప్పుడు వేశారు, గొర్రెల దగ్గర గానీ మాంసం కొట్టులో గానీ పనిచేసినవారు ఇంట్లో ఉన్నారా. కుక్క టీకాల పుస్తకంలోనే నట్టల మందు తేదీ, పేరు, ఆ రోజు బరువు రాసి ఉంచితే ఆ పుస్తకాన్ని చూపించవచ్చు. కుక్కను ఎక్కడ చూపించాలో తెలియనివారు దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లవచ్చు. విజయవాడవారికి గన్నవరం పశువైద్య కళాశాల కూడా దగ్గరే. ఊళ్లలో పశువులు, జీవాలు ఉన్నవారు 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించుకోవచ్చు. వాహనం వచ్చినప్పుడు గొర్రెలతో పాటు మంద కుక్కలను కూడా చూపించి మందు అడగండి.